గ్రూప్ పాలసీ మార్చే చేతులకు బహిరంగ లేఖ

ఆఫీసు నెట్‌వర్కులు చూసే సిస్టమ్ అడ్మిన్లకు, వాళ్లకు పని పురమాయించే మేనేజర్లకు నమస్కారం.

ఒకచోట కూర్చుని ఒక సెట్టింగు మార్చి ఐదు వందల కంప్యూటర్ల నడత మార్చే వీలు మీ చేతిలో ఉంది. విండోస్ కంప్యూటర్లకు సెట్టింగులను ఒకచోటి నుంచి పంపే ఆ ఏర్పాటు పేరే గ్రూప్ పాలసీ. మార్చినదాన్ని వెనక్కి తీసుకోవడం గురించి ఈ ఉత్తరం. పాలసీ ఎలా పెట్టాలో నేర్పే పాఠాలు కోకొల్లలు. తీసేశాక ఏమవుతుందో చెప్పేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే మేం కోరేది ఒక్కటి: ఏ జీపీఓనైనా (గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్, అంటే సెట్టింగుల మూట) కంప్యూటర్లకు లింకు చేసే ముందు, ఆ లింకు తీసేసిన మర్నాడు కంప్యూటర్లో ఏం మిగిలి ఉంటుందో దాని కామెంట్ పెట్టెలో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయడం చేతకాకపోతే లింకు చేయకండి.

"లింకు తీసేస్తే పాతది దానంతటదే వచ్చేస్తుందిగా" అన్న ధీమా దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. విండోస్ ఎన్‌టీ 4.0 రోజుల్లో సిస్టమ్ పాలసీ అని ఒకటుండేది. అది రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే పద్దులో) రాసిన విలువ, పాలసీ తీసేసినా అలాగే ఉండిపోయేది. పచ్చబొట్టు అనే పేరు దానికి అందుకే పడింది. విండోస్ 2000తో యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు ఖాతాలు, కంప్యూటర్లు నమోదయ్యే కేంద్ర జాబితా), గ్రూప్ పాలసీ వచ్చాక ఈ జబ్బుకు మందు దొరికింది. అయితే ఆ మందు అన్ని చోట్లా పనిచేయదు. రిజిస్ట్రీలోని మెషీన్, యూజర్ భాగాలు రెండింట్లోనూ సాఫ్ట్‌వేర్ కింద పాలసీస్ అనే కొమ్మ ఒకటుంది. మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్ కింద అదే పేరుతో మరో కొమ్మ ఉంది. ఈ నాలుగు చోట్ల రాసిన విలువలనే, జీపీఓ పరిధి నుంచి కంప్యూటర్ తప్పుకోగానే క్లయింటు, అంటే ఆ కంప్యూటరే, శుభ్రంగా తుడిచేస్తుంది. విండోస్‌తో వచ్చే అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్లు దాదాపు అన్నీ అక్కడే రాస్తాయి. ఎవరో తయారుచేసిన టెంప్లేటు తెచ్చుకుని వాడితే, అది ఎక్కడ రాస్తుందో ఆ టెంప్లేటు ఫైలును (ఏడీఎంఎక్స్) నోట్‌ప్యాడ్‌లో తెరిచి, కీ అని ఉన్న వరుస చదవండి. రెండు నిమిషాల పని. వేరే చోట రాస్తుంటే అది పచ్చబొట్టే. తీయాలంటే వ్యతిరేక విలువతో ఇంకో పాలసీ పంపాల్సిందే.

గ్రూప్ పాలసీలోనే ఉండే ప్రిఫరెన్సెస్ అనే విభాగం సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అవి సర్వర్ 2008తో వచ్చాయి. డ్రైవ్ మ్యాపింగులు, ప్రింటర్లు, షార్ట్‌కట్లు, రిజిస్ట్రీ విలువలు, షెడ్యూల్డ్ టాస్కులు అన్నీ వాటి కిందివే. పేరులోనే ఉంది, ఇవి ఇష్టాలు. యూజరు మార్చుకోవచ్చు, కంప్యూటరు పాలసీని తాజాగా తెచ్చుకునే తర్వాతి రిఫ్రెష్‌లో మళ్లీ మీరు పెట్టిన విలువే వస్తుంది. జీపీఓ తీసేస్తే మాత్రం అవి కంప్యూటర్లోనే ఉండిపోతాయి. కామన్ ట్యాబ్‌లో "ఇకపై వర్తించనప్పుడు ఈ అంశాన్ని తొలగించు" అనే గడి ఉంది కదా, అది పెడితే చాలదా అంటారు. రెండు చిక్కులున్నాయి. మొదటిది, అది తొలగిస్తుందే గాని పాత విలువను తిరిగి పెట్టదు. ఒక రిజిస్ట్రీ విలువ అంతకుముందు 1 ఉండేదనుకోండి, మీరు 0 చేశారు, పాలసీ తీసేశారు. అక్కడ 1 రాదు, ఆ విలువే మాయమవుతుంది. రెండోది, ఆ గడిలో టిక్కు పెట్టగానే యాక్షన్ అప్‌డేట్ నుంచి రీప్లేస్‌కు మారిపోతుంది. రీప్లేస్ అంటే ప్రతి రిఫ్రెష్‌లోనూ తీసేసి మళ్లీ పెట్టడం. షార్ట్‌కట్‌కు అది ఫర్వాలేదు. మ్యాప్ చేసిన డ్రైవుకు అలా జరిగితే, గంటన్నర, రెండు గంటలకోసారి డ్రైవు ఒక్క క్షణం తెగిపోతుంది. తెరిచి ఉన్న ఎక్స్‌ప్లోరర్ విండో మూసుకుపోతుంది, ఆ డ్రైవు మీదున్న ఫైలును సేవ్ చేయబోయిన మనిషికి ఎర్రర్ వస్తుంది. "నెట్‌వర్క్ స్లో" అని హెల్ప్‌డెస్కుకు వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఈ ఒక్క టిక్కు పుణ్యమే. డ్రైవులకు అప్‌డేట్ వాడండి. తీయాల్సిన రోజున డిలీట్ యాక్షన్‌తో వేరే అంశం పంపండి, అది అన్ని కంప్యూటర్లకూ చేరాకే జీపీఓను తీయండి.

ప్రిఫరెన్సెస్ కిటికీల్లో ఆకుపచ్చ, ఎరుపు గీతలు కొత్తవాళ్లను తికమక పెడతాయి. పెట్టె కింద నిండు ఆకుపచ్చ గీత ఉంటేనే ఆ విలువ వెళుతుంది. ఎర్రటి తెగిన గీత ఉంటే మీరు ఎంత టైపు చేసినా వెళ్లదు. ఎఫ్6 నొక్కితే కర్సర్ ఉన్న పెట్టె పచ్చబడుతుంది, ఎఫ్7 నొక్కితే ఎర్రబడుతుంది. ఎఫ్5, ఎఫ్8 ఆ ట్యాబ్ మొత్తానికి అదే పని చేస్తాయి. "పాలసీ పనిచేయడం లేదు" అని రోజంతా లాగులు తిరగేసే ముందు ఈ గీత రంగు చూడండి.

సెక్యూరిటీ సెట్టింగుల విషయం ఇంకో రకం. క్లయింటు దగ్గర వాటికంటూ ఒక డేటాబేసు ఉంటుంది. పాలసీ రాకముందు ఆ సెట్టింగుకు అందులో విలువ నమోదై ఉంటే, పాలసీ పోగానే అదే తిరిగొస్తుంది. నమోదు కాకపోతే చివరగా వచ్చినదే నిలిచిపోతుంది. ఫైళ్ల మీద, రిజిస్ట్రీ కీల మీద పాలసీతో పెట్టిన పర్మిషన్లు అంతే, పోవు. ఒక ఫోల్డరు పర్మిషన్లను గ్రూప్ పాలసీతో అన్ని కంప్యూటర్లలో మార్చేవారు, ముందు ఒక యంత్రంలో ఐక్యాక్ల్స్ ఆదేశంతో పాత పర్మిషన్ల జాబితాను ఫైలులోకి తీసి పెట్టుకోవాలి. తిరుగు ప్రయాణానికి అదొక్కటే టికెట్టు.

ఇక యూజర్ రైట్స్, అంటే కంప్యూటర్లో ఏ ఖాతా ఏ పని చేయొచ్చో చెప్పే హక్కుల జాబితాలు. అడ్మిన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూద్దాం. చాలామంది ఈ జాబితాలు కలిసిపోతాయి అనుకుంటారు. కలవవు. గెలిచిన జీపీఓలోని జాబితాయే మొత్తం జాబితా. బ్యాకప్ సాఫ్ట్‌వేరు కోసం ఒక సర్వీస్ ఖాతా ఉంది, దానికి "సర్వీసుగా లాగాన్" హక్కు కావాలి. అడ్మిన్ సర్వర్ల ఓయూకి (ఆర్గనైజేషనల్ యూనిట్, డైరెక్టరీలో కంప్యూటర్లను, యూజర్లను సర్దిపెట్టే అర) లింకైన జీపీఓ తెరిచి, ఆ హక్కు దగ్గర టిక్కు పెట్టి, ఆ ఒక్క ఖాతాను చేర్చి, ఓకే కొట్టాడు. ఆ క్షణం దాకా ప్రతి సర్వర్లో లోకల్‌గా ఆ హక్కు "ఎన్‌టీ సర్వీస్, ఆల్ సర్వీసెస్" అనే గుంపుకు ఉండేది. వర్చువల్ ఖాతాలతో నడిచే డేటాబేసు సర్వీసులు దాని చలవతోనే లేస్తాయి. ఇప్పుడు జాబితాలో బ్యాకప్ ఖాతా తప్ప ఎవరూ లేరు. ఆ రోజు మాత్రం ఏమీ జరగదు. నడుస్తున్న సర్వీసు నడుస్తూనే ఉంటుంది, హక్కును చూసేది మొదలయ్యేటప్పుడే. మూడు వారాలకు ప్యాచులు వేసి రాత్రి రీస్టార్ట్ చేస్తారు. డేటాబేసు లేవదు, 1069 ఎర్రర్, సిస్టమ్ లాగులో 7041 ఈవెంటు. అందరూ ప్యాచును తిడతారు, వెనక్కి తీస్తారు, మళ్లీ రీస్టార్ట్ చేస్తారు, అయినా లేవదు. ఈలోగా మూడు వారాల కిందటి మార్పు ఎవరికి గుర్తుంటుంది? అలాంటి హక్కును పాలసీలో ముట్టుకోవాల్సి వస్తే, ముందు సెకెడిట్ ఆదేశపు ఎక్స్‌పోర్ట్‌తో నాలుగైదు రకాల సర్వర్లలో ఇప్పుడున్న జాబితా తీయండి. వాటన్నిటి కలయిక పాలసీలో పెట్టండి. కంప్యూటర్లోని గుంపుల సభ్యత్వాన్ని నిర్ణయించే రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్‌లోనూ ఇదే ఉచ్చు ఉంది. "ఈ గుంపులో సభ్యులు" అనే పై పెట్టె ఉన్నవాళ్లను తుడిచి రాస్తుంది, "ఈ గుంపు వేటిలో సభ్యురాలు" అనే కింది పెట్టె ఉన్నదానికి కలుపుతుంది. లోకల్ అడ్మినిస్ట్రేటర్స్‌లోకి హెల్ప్‌డెస్క్ గుంపును చేర్చాలంటే కింది పెట్టె వాడాలి.

నిరాకరించే హక్కుల జోలికి వెళ్లేవారికి ఒక హెచ్చరిక. నిరాకరణ ఎప్పుడూ అనుమతి మీద గెలుస్తుంది. డొమైన్ అంటే ఒకే డైరెక్టరీ కింద నడిచే ఖాతాలు, కంప్యూటర్ల సమూహం. దాని డొమైన్ యూజర్స్ గుంపులో మామూలుగా అడ్మినిస్ట్రేటర్లతో సహా అందరూ ఉంటారు. "లోకల్‌గా లాగాన్ నిరాకరించు" దగ్గర డొమైన్ యూజర్స్ పేరు పెట్టి డొమైన్ స్థాయిలో లింకు చేస్తే, మీ తలుపుకు మీరే బయటి నుంచి గొళ్లెం పెట్టుకున్నట్టు. ఇంకా రిఫ్రెష్ కాని ఒక కంప్యూటరు, లేదా డొమైన్‌లో లేని కంప్యూటరు దొరికితే బతికినట్టే. ఈ నిరాకరణ నెట్‌వర్క్ మీదుగా వచ్చే లాగాన్‌ను ఆపదు కాబట్టి, అక్కడి నుంచి జీపీఓను సరిచేయొచ్చు.

దీని కన్నా ఘోరమైన జాతి ఒకటుంది. తిరుగు దారినే మూసేసే సెట్టింగులు. ఫైర్‌వాల్, డీఎన్ఎస్, ఐపీసెక్, వైర్డ్ నెట్‌వర్కుకు ఇచ్చే 802.1ఎక్స్ (కలిసే ముందు గుర్తింపు అడిగే పద్ధతి), సర్వీసుల స్టార్టప్ తీరు, పాత లాగాన్ పద్ధతి ఎన్‌టీఎల్ఎంను ఆపడం ఈ జాతివి. కంప్యూటర్ తన పాలసీ తెచ్చుకోవాలంటే, డైరెక్టరీని నడిపే సర్వరైన డొమైన్ కంట్రోలర్‌తో మాట్లాడాలి. పేరు వెతకడానికి పోర్టు 53, గుర్తింపును సరిచూసే కెర్బెరోస్‌కు 88, డైరెక్టరీని అడిగే ఎల్‌డాప్‌కు 389, సిస్‌వాల్ (కంట్రోలర్లో పాలసీ ఫైళ్లుండే షేర్డ్ ఫోల్డరు) చదవడానికి 445, ఆర్‌పీసీకి 135తో పాటు 49152 నుంచి 65535 దాకా, సమయానికి 123. బయటికి వెళ్లే ట్రాఫిక్‌ను డిఫాల్టుగా ఆపేసే ఫైర్‌వాల్ పాలసీ పంపి, ఈ పోర్టుల్లో ఒక్కటి మరిచిపోయారనుకోండి. తప్పు తెలియగానే కన్సోల్‌లో సరిచేస్తారు. సరిచేసిన పాలసీ ఎలా చేరుతుంది? తప్పుడు పాలసీయే గుమ్మంలో అడ్డంగా కూర్చుంది. మిగిలింది ప్రతి కుర్చీ దగ్గరికీ నడవడమే. లోకల్ అడ్మిన్‌గా లాగాన్ అయి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, మైక్రోసాఫ్ట్ కింద విండోస్‌ఫైర్‌వాల్ కొమ్మను తుడిచి, రీస్టార్ట్ చేయాలి. నిమిషాలు లెక్కేసుకోండి, ఒక్కో కంప్యూటరుకు ఏడెనిమిది. కీబోర్డు నుంచి లేవడానికి ఇష్టపడని మనిషిని ఒప్పించే సమయం ఇందులో కలపలేదు. ఇక "లోకల్ ఫైర్‌వాల్ నియమాలు వర్తించు" అనే దాన్ని "కాదు" అని పెట్టి ఉంటే, అక్కడికక్కడ కొత్త రూల్ రాసి బయటపడదామన్నా కుదరదు. ఈ జాతి సెట్టింగును ఐదు కంప్యూటర్లకు మించి మొదటి రోజు పంపకండి. ఆ ఐదింటి లోకల్ అడ్మిన్ పాస్‌వర్డులు ముందే చేతిలో ఉంచుకోండి.

పాస్‌వర్డుల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఒకప్పుడు లోకల్ అడ్మిన్ పాస్‌వర్డును ప్రిఫరెన్సెస్‌తోనే పంపేవారు. అది సిస్‌వాల్‌లోని ఎక్స్ఎంఎల్ ఫైలులో సీపాస్‌వర్డ్ అనే పేరుతో కూర్చునేది. ఏఈఎస్‌తో రహస్యం చేసినా, తాళంచెవిని మైక్రోసాఫ్టే తన డాక్యుమెంటేషన్‌లో ప్రచురించింది. సిస్‌వాల్‌ను డొమైన్‌లో లాగాన్ కాగల ఎవరైనా చదవొచ్చు. 2014 మేలో వచ్చిన ఎంఎస్14-025 ప్యాచు కొత్తగా పెట్టడాన్ని ఆపిందే తప్ప ఉన్నవాటిని తుడవలేదు. ఇవాళే పాలసీస్ ఫోల్డరులో ఎక్స్ఎంఎల్ ఫైళ్లన్నిటిలోనూ ఆ పదం కోసం వెతకండి. గ్రూప్స్, సర్వీసెస్, షెడ్యూల్డ్‌టాస్క్స్, డ్రైవ్స్, డేటాసోర్సెస్, ప్రింటర్స్ అనే పేర్లలో ఉంటాయి. దొరికితే ఫైలు తీయడంతో ఊరుకోక ఆ పాస్‌వర్డునే మార్చండి, ఎందుకంటే పాత బ్యాకప్పుల్లో అది బతికే ఉంటుంది. లాగాన్ స్క్రిప్టుల్లో రాసి పెట్టిన పాస్‌వర్డులదీ అదే గతి. లోకల్ అడ్మిన్ కోసం విండోస్ ల్యాప్స్ వాడండి. 2023 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి అది విండోస్‌లోనే ఉంది, ఒక్కో కంప్యూటరుకు వేరు పాస్‌వర్డు పెట్టి, మామూలుగా 30 రోజులకోసారి మార్చి డైరెక్టరీలో దాస్తుంది.

పంపిన పాలసీ ఎప్పుడు చేరుతుందన్నది చాలామందికి నోటికి వచ్చు: 90 నిమిషాలు, దానికి 0 నుంచి 30 నిమిషాల దాకా యాదృచ్ఛికంగా కలుపు. డొమైన్ కంట్రోలర్లకు 5 నిమిషాలు. సెక్యూరిటీ సెట్టింగులు ఏమీ మారకపోయినా 16 గంటలకోసారి మళ్లీ వర్తిస్తాయి. కానీ తిరుగు ప్రయాణానికీ ఇంతే సమయం పడుతుందన్నది మాత్రం తప్పు జరిగాకే గుర్తొస్తుంది. ఉదయం పది గంటలకు లింకు చేసి, పదీ ఇరవైకి తప్పు పట్టుకుని లింకు తీసేస్తే, ఆ ఇరవై నిమిషాల్లో రిఫ్రెష్ అయిన వాళ్లకు మధ్యాహ్నం దాకా తప్పుడు సెట్టింగే ఉండొచ్చు. అంటే కొందరికి వచ్చి, కొందరికి రాక, ఇంకొందరికి వచ్చి పోయి, హెల్ప్‌డెస్కులో ఒక్కొక్కరిదీ ఒక్కో కథ. కన్సోల్‌లో ఓయూ మీద రైట్ క్లిక్ చేసి గ్రూప్ పాలసీ అప్‌డేట్ ఇవ్వొచ్చు. అది ఒక్కో కంప్యూటర్లో షెడ్యూల్డ్ టాస్కు పెట్టి పది నిమిషాల లోపల నడిపిస్తుంది. అయితే దాని కోసం ఆ కంప్యూటర్ల ఫైర్‌వాల్‌లో రిమోట్ షెడ్యూల్డ్ టాస్కుల, డబ్ల్యూఎంఐ (కంప్యూటరు వివరాలు అడిగి తెలుసుకునే విండోస్ సేవ) నియమాలు ముందే తెరిచి ఉండాలి. అవసరం పడిన రోజున తెరుద్దామంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్, ఫోల్డర్ రీడైరెక్షన్ బ్యాక్‌గ్రౌండ్‌లో జరగవు. స్టార్టప్‌లోనో లాగాన్‌లోనో జరగాలి. విండోస్ వేగం కోసం నెట్‌వర్కు లేవక ముందే లాగాన్ తెర చూపిస్తుంది కాబట్టి, అవి ఒక్కోసారి రెండో రీస్టార్టుకు గాని పట్టవు. "స్టార్టప్, లాగాన్ సమయాల్లో నెట్‌వర్కు కోసం ఎప్పుడూ ఆగు" అన్న సెట్టింగు ఉన్నది ఇందుకే. ల్యాప్‌టాప్‌తో ఇంటి నుంచి పనిచేసే మనిషి ముందు లాగాన్ అయి తర్వాత వీపీఎన్ కలుపుతాడు. అతనికి లాగాన్ సమయపు పాలసీ నెలల తరబడి రాదు, లాగాన్‌కు ముందే కలిసే వీపీఎన్ ఉంటే తప్ప. అలాంటివారు ఎంతమంది ఉన్నారో లెక్క లేకుండా "అందరికీ వెళ్లిపోయింది సార్" అని మేనేజరుకు చెప్పకండి.

ఎవరికి చేరుతుందన్నది మరో గొడవ. క్రమం అందరికీ తెలిసిందే: లోకల్, సైట్, డొమైన్, ఓయూ. చివర రాసినదే గెలుపు, ఎన్‌ఫోర్స్ చేసినది తప్ప. కొత్తగా డొమైన్‌లో చేరిన కంప్యూటర్ మామూలుగా కంప్యూటర్స్ అనే కంటైనర్లో పడుతుంది. అది ఓయూ కాదు, దానికి జీపీఓ లింకు చేయలేరు. ఎవరో ఒకరు దాన్ని సరైన ఓయూలోకి జరిపే దాకా దానికి డొమైన్, సైట్ స్థాయి పాలసీలు తప్ప ఏవీ అందవు. రెడిర్‌కాంప్ ఆదేశం ఒకసారి నడిపి, కొత్తవి నేరుగా ఒక ఓయూలో పడేలా చేసుకోండి. డొమైన్ ఖాతాల పాస్‌వర్డు పాలసీ ఓయూకి లింకు చేస్తే పనిచేయదు, అది ఆ ఓయూలోని కంప్యూటర్ల లోకల్ ఖాతాలకే పడుతుంది. కొందరికి మాత్రమే గట్టి నియమం కావాలంటే సర్వర్ 2008 నుంచి ఉన్న ఫైన్ గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీ ఉంది.

జీపీఓను కొందరికే పరిమితం చేయడానికి, దాని అనుమతుల్లోంచి అందరినీ కలుపుకునే ఆథెంటికేటెడ్ యూజర్స్‌ను తీసేసి తమ గుంపును పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 ప్యాచు తర్వాత విండోస్ యూజరు పాలసీని కూడా కంప్యూటర్ ఖాతాతోనే చదువుతోంది. కంప్యూటరుకు చదివే అనుమతి లేకపోతే, యూజరు గుంపులో ఉన్నా పాలసీ రాదు. డెలిగేషన్ ట్యాబ్‌లో డొమైన్ కంప్యూటర్స్‌కు రీడ్ ఇవ్వండి. అప్లై అక్కర్లేదు.

కంప్యూటరు వివరాలను బట్టి జీపీఓ వర్తించాలో లేదో తేల్చే డబ్ల్యూఎంఐ ఫిల్టర్ల గురించి రెండు మాటలు చాలు. విండోస్ 10, 11 రెండూ తమ వెర్షన్ 10.0 అనే చెబుతాయి, వేరు చేయాలంటే బిల్డు నంబరు చూడాలి, 11 మొదలయ్యేది 22000 నుంచి. ఫలానా సాఫ్ట్‌వేరు ఉందో లేదో చూడ్డానికి విన్32 ప్రొడక్ట్ తరగతిని మాత్రం ఫిల్టర్లో వాడకండి. అది అడిగిన ప్రతిసారీ కంప్యూటర్లోని ఎంఎస్ఐ ప్యాకేజీలన్నిటినీ సరిచూడటం మొదలుపెడుతుంది. లాగాన్‌కు నిమిషాలు పడుతుంది, కొన్ని ప్యాకేజీలు తమను తాము రిపేర్ చేసుకుంటాయి కూడా.

ఇప్పుడు మేనేజర్లకు. "ఇవాళ సాయంత్రానికి అందరికీ పెట్టెయ్యి" అన్న మాట మీ నోటి నుంచి వచ్చినప్పుడు, అడ్మిన్ వాయిదా అడిగితే బద్ధకం అనుకోకండి. అతనికి మూడు మెట్లు కావాలి. మొదట ఐదారు కంప్యూటర్ల ఓయూ, అందులో ఒక్కో రకానిది ఒక్కోటి: పాతది, కొత్తది, ల్యాప్‌టాప్, అకౌంట్స్ సాఫ్ట్‌వేరు ఉన్నది, అందరూ వాడే ఉమ్మడి కంప్యూటరు. అక్కడ కనీసం ఒక రీస్టార్టు, ఒక పూర్తి పని దినం గడవాలి. తర్వాత ఒక విభాగం. ఆ తర్వాతే అందరూ. సర్వర్లయితే ఒక ప్యాచ్ రాత్రి గడిచేదాకా ఆగాలి, పైన చెప్పిన సర్వీసు హక్కు కథ అందుకే చెప్పాం. ఇంకోటి, ప్రతి మెట్టు దగ్గరా తిరుగు ప్రయాణాన్ని కూడా చేసి చూడాలి. లింకు తీసి, రీస్టార్ట్ చేసి, ఏం మిగిలిందో చూసి, మళ్లీ లింకు చేయాలి. ఈ పూట ఖర్చును వృథా అనుకునే మేనేజరు, అందరి కుర్చీల దగ్గరికీ నడిచే పూట ఖర్చు లెక్క వేసి చూడాలి.

తాత్కాలికంగా ఇచ్చిన సడలింపులకు తేదీ వేయించే బాధ్యత కూడా మీదే. 2021లో ప్రింట్ స్పూలర్ లోపం బయటపడ్డాక, ఆ ఆగస్టు అప్‌డేట్‌తో ప్రింటర్ డ్రైవరు పెట్టాలంటే అడ్మిన్ హక్కు తప్పనిసరైంది. పాలసీతో ప్రింటర్లు పంపే ఆఫీసుల్లో ఒక్క ఉదయంలో పని ఆగింది. చాలామంది డ్రైవర్ ఇన్‌స్టలేషన్‌ను అడ్మినిస్ట్రేటర్లకు పరిమితం చేసే విలువను 0 చేసి ఊపిరి పీల్చుకున్నారు. ఆ 0 ఇంకా ఎన్ని చోట్ల ఉందో మీ జీపీఓల్లో వెతికించండి. డ్రైవరును ముందే అన్ని కంప్యూటర్లలో పెట్టించి, విలువను 1కి తేవడమే పద్ధతి.

ఎవరెవరు పాలసీ మార్చగలరో కూడా జాబితా తీయించండి. డొమైన్ కంట్రోలర్లకు లింకైన జీపీఓను మార్చగలిగినవాడు, పేరుకు ఎవరైనా సరే, డొమైన్ అడ్మిన్ కిందే లెక్క. దాడి చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. లాక్‌బిట్ 2.0 రాన్సమ్‌వేరు డొమైన్ కంట్రోలర్ చేజిక్కగానే తానే గ్రూప్ పాలసీలు సృష్టించి, డిఫెండర్‌ను ఆపి, తనను తాను అన్ని కంప్యూటర్లకూ పంపుకునేది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ సంస్థల డిస్కులు తుడిచిన హెర్మెటిక్‌వైపర్, కనీసం ఒకచోట డిఫాల్ట్ డొమైన్ పాలసీ (డొమైన్‌తో పాటే పుట్టే జీపీఓ) ద్వారానే దిగింది. డైరెక్టరీ సర్వీస్ మార్పుల ఆడిటింగ్ ఆన్ చేసి, 5136 ఈవెంటు (డైరెక్టరీలో మార్పు జరిగిందన్న నమోదు) వస్తే ఎవరికో ఒకరికి మెయిలు వెళ్లేలా చూడండి. అర్ధరాత్రి జీపీఓ మారితే పొద్దున దాకా తెలియకపోవడం మర్యాద కాదు.

పాలసీ ఎందుకు రాలేదో వెతికే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే పాలసీని బలవంతంగా తెప్పించే జీపీఅప్‌డేట్ ఫోర్స్ ఆదేశం ఊరికే కొట్టడం వైద్యం కాదు. అడ్మిన్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్టులో, ఏ పాలసీలు అందాయో చూపే జీపీరిజల్ట్‌ను హెచ్ స్విచ్‌తో నడిపి రిపోర్టు తీయండి. మామూలుగా తెరిస్తే కంప్యూటరు భాగం కనిపించదు, "పాలసీయే లేదు" అనుకుంటారు. రిపోర్టులో జీపీఓ "డినైడ్" కింద ఉంటే పక్కనే కారణం ఉంటుంది. అసలు రిపోర్టులోనే లేకపోతే ఓయూ తప్పు. 1129 ఈవెంటు ఉంటే నెట్‌వర్కు లేచే లోపే పాలసీ మొదలైంది. 1058 ఉంటే సిస్‌వాల్‌లోని జీపీటీ.ఐఎన్ఐ ఫైలు చదవలేకపోయింది. అప్పుడు మూడు చూడండి. గడియారం డొమైన్ కంట్రోలర్ కన్నా 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ ఒప్పుకోదు. రెండో డీఎన్ఎస్‌గా ఏ పబ్లిక్ సర్వరో రాసి ఉంటే, క్లయింటు ఏదో ఒక పూట దాని వైపు తిరిగి మీ డొమైన్ పేరే లేదని తెలుసుకుంటుంది. "ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు" అనే ఫిర్యాదు వెనక ఎక్కువసార్లు ఉండేది ఇదే. మూడోది సిస్‌వాల్ రెప్లికేషన్, అంటే కంట్రోలర్ల మధ్య దాని నకలు తిరగడం. జీపీఓకి రెండు ముక్కలు, డైరెక్టరీలో ఒకటి, సిస్‌వాల్‌లో ఒకటి, రెండూ వేర్వేరు దారుల్లో కంట్రోలర్ల మధ్య తిరుగుతాయి. ఒక కంట్రోలర్ రెప్లికేషన్ 60 రోజులు దాటి ఆగిపోతే ఆ నకలు చేసే డీఎఫ్ఎస్ఆర్ సర్వీసు 4012 ఈవెంటు రాసి ఆ ఫోల్డరును ఇక ముట్టుకోదు. ఆ కంట్రోలర్ దగ్గర లాగాన్ అయ్యేవాళ్లకు రెండు నెలల పాత పాలసీలు అందుతూనే ఉంటాయి, వాళ్ల తెర మీద ఏ ఎర్రరూ లేకుండా.

క్లౌడ్ నుంచి సెట్టింగులు పంపే మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ కూడా వాడుతున్నవారు ఒక సెట్టింగుకు ఒకే యజమానిని పెట్టుకోండి. రెండూ ఒకే సెట్టింగు పంపితే మామూలుగా గ్రూప్ పాలసీది పైచేయి. ఇన్‌ట్యూన్ లాంటి పరికరాల నిర్వహణ సేవకు (ఎండీఎం) పైచేయి ఇచ్చే సెట్టింగు విండోస్ 10 1803 నుంచి ఉంది గాని, అది పాలసీ సీఎస్‌పీ అనే ఎండీఎం సెట్టింగుల జాబితాలో ఉన్నవాటికే వర్తిస్తుంది. మిగతా వాటిలో ఎవరు గెలుస్తారో ముందే చెప్పలేరు.

బ్యాకప్ ఉంది కదా అనుకునేవారికి: జీపీఓ బ్యాకప్ నుంచి తిరిగి తెస్తే లోపలి సెట్టింగులు వస్తాయి. అది ఏ ఓయూలకు లింకై ఉండేదో తిరిగి రాదు, ఆ లింకు ఓయూ మీద ఉంటుంది. డబ్ల్యూఎంఐ ఫిల్టరు కూడా విడిగా దాచుకోవాల్సిందే. ప్రతి బ్యాకప్‌తో పాటు లింకుల జాబితా ఒక ఫైలులోకి తీసి పెట్టండి.

చివరగా, డిఫాల్ట్ డొమైన్ పాలసీ. ఈ లేఖ చదివాక ముందుగా దాన్నే తెరవండి. అందులో పాస్‌వర్డు, లాకౌట్, కెర్బెరోస్ నియమాలు తప్ప వేరే ఉండకూడదు. వాల్‌పేపర్లు, ప్రాక్సీలు, డ్రైవులు, ఎవరో ఎప్పుడో పెట్టిన స్క్రిప్టు, ఇవన్నీ కనిపిస్తే కంగారుపడి డీసీజీపీఓఫిక్స్ ఆదేశం నడపకండి. అది మీ పాత స్థితిని ఇవ్వదు, విండోస్ పెట్టెలోంచి వచ్చిన రోజు స్థితిని ఇస్తుంది, మీ పాస్‌వర్డు నియమాలతో సహా పోతాయి. ముందు బ్యాకప్ తీయండి. ఒక్కో పనికి ఒక్కో కొత్త జీపీఓ చేసి, డొమైన్ స్థాయిలోనే డిఫాల్ట్ పాలసీ కన్నా పై వరుసలో లింకు చేయండి. మర్నాటి దాకా ఆగి, రెండు మూడు కంప్యూటర్ల జీపీరిజల్ట్‌లో గెలిచిన జీపీఓ పేరు కొత్తదే అని చూసుకున్నాక, డిఫాల్ట్ పాలసీలో ఆ ఒక్క సెట్టింగును "నాట్ కాన్ఫిగర్డ్" చేయండి. రెండోదాని జోలికి ఆ తర్వాతి రోజు వెళ్లండి.